లాపియెర్ వారి ఆడపడుచు

ఆ మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు సంగారెడ్డి బెల్లం వ్యాపారి బద్రీనాథ్ చేతిలో ఉన్న సరుకు ఇంతే. ఒక తాళంచెవి, కెనడా నుంచి వచ్చిన పదకొండు ఈమెయిళ్ల ప్రింటు, కొట్టేసిన పేర్ల జాబితా ఒకటి, ఐదు గంటల గడువు.

తాళంచెవి వెలిమెలలోని మార్సెల్ లాపియెర్ ఇంటి మేడగదిది. పోలీసుల దగ్గరున్న దాన్ని సీఐ నర్సింగ్‌ను అడిగి తెచ్చుకున్నాడు. మార్సెల్ కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ ప్రాంతం మనిషి. పటాన్‌చెరు వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో నూర్పిడి యంత్రాలు బాగుచేయడానికి నలభై ఏళ్ల కిందట వచ్చాడు. ఉద్యోగం ముగిసినా తిరిగి వెళ్లలేదు. వెలిమెలలో చిన్న మేడ అద్దెకు తీసుకుని ఒంటరిగా బతికాడు. జులై తొమ్మిదో తేదీ ఉదయం అదే ఇంటి బయటి మెట్ల కింద శవమై కనిపించాడు. డెబ్బై అయిదేళ్ల మనిషి, తడి మెట్ల మీద జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు.

ఈమెయిళ్లు అతని అక్క థెరేజ్‌వి. వయసు ఎనభై రెండు. నది ఒడ్డున ఒక ఇల్లు, దాని వెనక మేపుల్ తోట ఉన్నాయి ఆమెకు. తన తర్వాత వాటిని చూసేవాళ్లు లేరు. చనిపోవడానికి రెండు రోజుల ముందు తమ్ముడు పంపిన సందేశాన్ని ఆమె మొదటి ఈమెయిల్లోనే పెట్టింది: “థెరేజ్, నాకొక కూతురుంది. ఇన్నేళ్లూ నీకు చెప్పలేదు. నా మారీకీ చెప్పలేదు. ఈ వారం చెబుతాను.”

ఆ మారీని వెతికిపెట్టమని ఆమె కోరిక. బెల్లం కొట్టుతో పాటు మనుషులను వెతకడం కూడా బద్రీనాథ్ పెట్టుకున్న పని.

ఈ వ్యవహారంలో బద్రీనాథ్ మొదట్లోనే ఒక తప్పు చేశాడు. తమ్ముడి ఇంటిపేరు లాపియెర్, అక్క ఇంటిపేరూ లాపియెరే. అయితే పెళ్లి కాలేదన్నమాట అనుకుని ‘మిస్ లాపియెర్’ అని జవాబు రాశాడు. ఆమె నవ్వుతూ తిరగరాసింది. “నలభై తొమ్మిదేళ్లు కాపురం చేశాను. మా ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. మా దగ్గర కాగితం మీద ఆడది పుట్టిన పేరుతోనే బతుకుతుంది, ఆ పేరుతోనే సమాధిలోకి పోతుంది.” బద్రీనాథ్ ఆ ముక్కను మూడుసార్లు చదివాడు. అతని భార్య శకుంతల పెళ్లి పీటల మీదే ఇంటిపేరు మార్చుకుంది. ఆమె పోయి నాలుగేళ్లయినా ఆమె పేరున వచ్చే ఉత్తరాల మీద అతని ఇంటిపేరే ఉంటుంది.

జాబితాలోవి పదకొండు మంది మేరీల పేర్లు. మారీ అంటే మేరీయే కదా అని పటాన్‌చెరు నుంచి గుమ్మడిదల దాకా చర్చి చర్చికీ తిరిగి, పన్నెండు రోజుల్లో ఒక్కొక్కటీ కొట్టేశాడు.

ఐదు గంటల గడువు ఎందుకంటే, మారీ దొరికిందని ఇంకొకరు ముందే ప్రకటించారు. పటాన్‌చెరులో డిటెక్టివ్ ఏజెన్సీ నడిపే మాజీ ఎస్సై అమర్, వర్ష అనే అమ్మాయిని ముందుకు తెచ్చాడు. మార్సెల్ సంతకంతో వంశావళి కాగితం కూడా చూపించాడు. ఆ రోజు సాయంత్రం ఏడింటికి వీడియో కాల్. థెరేజ్ ఆ అమ్మాయిని చూసి, మేనకోడలని ఒప్పుకుంటూ లాయరు ముందు సంతకం చేయబోతోంది. ఒకసారి సంతకమయ్యాక అసలు కూతురు ఎక్కడున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రెండూ నలభైకి బద్రీనాథ్ మార్సెల్ ఇంటి గేటు తీశాడు.

బుల్లెమ్మ కింది వంటగదిలో ఉంది. అరవై ఆరేళ్ల విధవరాలు. కాకినాడ వైపు మనిషి. భర్త ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరుగా చేరినప్పుడు ఇటు వచ్చి ఉండిపోయారు. ఇల్లు ఎదురుగానే. మార్సెల్‌కు వంట చేసిపెట్టేది. శవాన్ని మొదట చూసింది ఆమే.

“ఆ దినం ఎన్నింటికి వచ్చిన్రమ్మా?”

“ఎనిమిదీ అయిదుకండి. రోజూ ఏడున్నరకల్లా వచ్చేస్తాను. ఆ రోజు నీళ్ల ట్యాంకరు ఆలస్యం చేశాడు. ఎనిమిదింటికి గాని రాలేదు. బిందెలు పట్టుకుని వచ్చేసరికి ఇలా...”

“ఈ ఇంటికి కూడా ట్యాంకరేనా?”

“అంతేనండి. గొట్టం మెట్ల మీంచే పైకి వేస్తాడు. నీళ్లన్నీ కారుతూనే ఉంటాయి.”

బద్రీనాథ్ లోపల ఒక గీత గీసుకున్నాడు. ట్యాంకరు ఎనిమిదింటికి వచ్చింది. పోస్టుమార్టం ప్రకారం మనిషి పోయింది ఏడున్నరకూ ఎనిమిదికీ మధ్య. వాన లేదు. అతను పడేటప్పటికి మెట్లు తడవడానికి కారణమే లేదు.

“మీది అర్రకు తాళం ఎవరేసిన్రు?”

“నేనేనండి, ఎనిమిదీ పదికి. మేడగది తలుపు బార్లా తీసి ఉంది. తాళం వేసి చెవి పోలీసులకిచ్చాను. అప్పట్నుంచీ ఎవరూ తియ్యలేదు.”

“లోపల ఏముండె?”

“పుస్తకాలండి. గోడకో పటం. ముందురోజు సాయంత్రమే కొట్టాడు. ఆరింటప్పుడు సుత్తి చప్పుడు విని ఏంటా అని వస్తే, ‘ఇన్నాళ్లకి పూర్తయింది వదినా’ అన్నాడు.”

వంటమనిషిని వదినా అని పిలిచే యజమాని. గోదావరి వైపు వాళ్లు అందరినీ వరసలు పెట్టే పిలుస్తారులే అనుకున్నాడు బద్రీనాథ్, కానీ మాటను పారేసుకోలేదు.

“వంటింట్ల ఏమన్న తేడా కనబడ్డదా ఆ పొద్దు?”

“ఏం లేదండి. సింకులో కాఫీ గ్లాసులుంటే కడిగేశాను.”

“ఎన్ని?”

“రెం...” బుల్లెమ్మ ఆగిపోయింది. “రెండండి. అయ్యో, నాకు తట్టనే లేదు. ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఒక్కటే.”

“ఆయనకు ఒక బిడ్డ ఉన్నదంట. మీకెరుకేనా?”

“ఒంటరి మనిషండి.” జవాబు మరీ జల్దీగా వచ్చింది. తర్వాత ఆమే నెమ్మదిగా అడిగింది. “ఆ పిల్ల దొరికితే ఏం చేస్తారండి? తీసుకుపోతారా?”

“తీస్కపోవుడు కాదమ్మా. ఒక ముసలామె సూసుకుంటనంటున్నది.”

“చూసుకోవడం అలాగే మొదలవుతుంది లెండి.” పాల గిన్నె బోర్లించి, ఇంట్లో పని ఉందంటూ ఎదురింటికి వెళ్లిపోయింది.

మూడున్నరకు గేటు దగ్గర కారు ఆగింది. అమర్ దిగాడు. నలభై అయిదేళ్లు, ఇస్త్రీ చొక్కా, పోలీసు ఉద్యోగం పోయినా పోని నడక. వెనక వర్ష. తెల్లగా, సన్నగా ఉంది. హోటల్లో రిసెప్షన్‌లో పని చేస్తుందట. గుమ్మంలోనే నిలబడి వంటగదిని కొత్తగా చూసింది.

“ఏంది సేటూ, ఇంక ఇక్కడ్నే తిరుగుతున్నవా? పదకొండు మంది మేరీలను పట్టినవంట. ఒకామెను మాకన్న ఇయ్యకపోతివి.”

“మీకెందుకు అమర్ సాబ్, మీరు తయారు చేసుకున్నరు కద.”

అమర్ నవ్వు ఒక గీత తగ్గింది. “బెల్లం అమ్ముకునేటోనికి ఈ పని ఎందుకు చెప్పు. ఇది పోలీసోని బుర్ర పని.”

“బెల్లంల మట్టి కలిపెటోళ్లను ముప్పై ఏండ్లు పట్టిన. గదే పని. ఏదీ, మీ కాగితం జెర సూపియ్యి. ఎట్లాగూ ఏడింటికి అందరు సూసేదే.”

అమర్ ఫోన్లో ఫోటో తెరిచి అతని ముఖం ముందు పెట్టాడు. ఇంగ్లిషు అక్షరాలు, కింద మార్సెల్ సంతకం. తండ్రి జార్జ్ లాపియెర్. తల్లి జాన్ లాపియెర్. అక్క థెరేజ్ లాపియెర్. భార్య రాణి లాపియెర్. కూతురు మారీ వర్ష లాపియెర్.

బద్రీనాథ్ కళ్లు రెండో వరుస మీద నిలిచాయి. తల్లి, జాన్ లాపియెర్. జాన్ అక్కడ ఆడవాళ్ల పేరే, తేడా ఇంటిపేరులో ఉంది.

సంతకం బాగానే దించారు. కానీ రాసినవాడు ఇక్కడివాడు. కోడలు ఇంట్లో అడుగు పెట్టగానే ఇంటిపేరు మారిపోయే చోట పుట్టి, అది లోకమంతటి రివాజనుకున్నవాడు. క్యుబెక్ మనిషి వంశావళి రాస్తూ కన్నతల్లిని తండ్రి ఇంటిపేరుతో రాయడు. పన్నెండు రోజుల కిందట తను చేసిన తప్పునే ఈ కాగితం చేసింది.

నోటి దాకా వచ్చిన మాటను బద్రీనాథ్ మింగేశాడు. ఇప్పుడు చెబితే ఏడింటికల్లా ఇంకో కాగితం తయారవుతుంది.

“ముసలాయన దీన్ని ఎక్కడ రాసిచ్చిండు?”

“మూడో తారీఖు మా ఆఫీసుకొచ్చిండు. బిడ్డకు సర్టిఫికెట్లు చేపియ్యాలె అన్నడు. అక్కడ్నే కూసొని రాసిండు.”

“నువ్వు ఈ ఇంటికి ఎన్నడన్న వచ్చినవా?”

“ఎందుకొస్త? ఇదే మొదటిసారి. ఈ పిల్ల తండ్రి ఇల్లు సూస్తనంటే తోలుకొచ్చిన.”

వర్ష తల దించుకుంది. బద్రీనాథ్ జేబులోంచి తాళంచెవి తీసి వేలికి తిప్పాడు. “మీది అర్ర తీస్తున్న. వస్తవా? ఏమన్న వంశం కాగితాలు దొరుకుతయేమో.”

“నీ పిచ్చి గానీ, ఏం దొరుకుతయి? ఆ గోడ మీది పటం వేరేటోళ్లది. పైన గార్నో అని రాసుంది. లాపియెర్ కాదు.” అమర్ వర్షకు సైగ చేసి కారు వైపు తిరిగాడు. “టైమ్ వేస్ట్ చేసుకోకు సేటూ. ఏడింటికి స్క్రీన్ మీద కలుద్దాం.”

కారు వీధి మలుపు తిరిగేదాకా బద్రీనాథ్ కదల్లేదు. మనసులో తేదీలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకున్నాడు. పటం గోడకెక్కింది ఎనిమిదో తేదీ సాయంత్రం ఆరింటికి. గదికి తాళం పడింది తొమ్మిదో తేదీ ఉదయం ఎనిమిదీ పదికి. మళ్లీ తెరుచుకోబోతున్నది ఇప్పుడు. గోడ మీది పటాన్ని, దాని పైనున్న పేరును చూసినవాడెవడైనా ఆ పద్నాలుగు గంటల్లోనే చూసి ఉండాలి. రెండో కాఫీ గ్లాసు ఎవరిదో తెలిసింది. మార్సెల్ బతికుంటే వర్ష అతని కూతురు కాలేదు. నిరూపించే మనిషి మాత్రం లేడు.

మెట్లు పద్నాలుగు. గరుకు సిమెంటు, పాచి లేదు. పైమెట్టు దగ్గర కూర్చుని చేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉంటే చంటిపిల్ల కూడా జారదు.

గదిలో పుస్తకాలు, ఒక మంచం, ఒక కుర్చీ, ఒక బల్ల ఉన్నాయి. రెండో మనిషికి కుర్చీ లేదు. తన ఇంట్లోనూ ఇప్పుడు వాడేది ఒక్క కుర్చీయేనని బద్రీనాథ్‌కు గుర్తొచ్చింది. ఎదుటి గోడ మీద పటం. పెద్ద తెల్ల కాగితం మీద నల్ల సిరాతో గీసిన వంశవృక్షం. అన్నిటికన్నా పైన గార్నో, పక్కన 1665. అక్కణ్నుంచి కొమ్మలు కిందికి దిగాయి. అయిదో తరం దగ్గర ‘గార్నో దిత్ లాపియెర్’ అని ఉంది. ఆ తర్వాత గార్నో పోయి వట్టి లాపియెర్ మిగిలింది.

బద్రీనాథ్ ఆ చోట వేలు పెట్టి చిన్నగా నవ్వాడు. ‘దిత్’ అంటే ఏమిటో అతనికి తెలియదు. సంగతి మాత్రం తెలుసు. బద్రీనాథ్ వాళ్ల ఇంటిపేరు గుండా. ముత్తాత బెల్లం బండి తోలినందుకు సంగారెడ్డి బజారంతా వాళ్లను బెల్లపోళ్లు అంది. రెండు తరాలకు కొట్టు బోర్డు మీద కూడా అదే ఎక్కింది. లాపియెర్ అంటే రాయట. ఈ గార్నోల్లో కూడా ఎవడో రాళ్ల పని చేశాడో, సైన్యంలో ముద్దుపేరు తెచ్చుకున్నాడో, ఊరు పెట్టిన పేరే చివరికి ఇంటిపేరై కూర్చుంది. అమర్‌కు రికార్డులో ఉన్న పేరే పేరు. అందుకే అసలు కాగితాన్ని గోడ మీదే వదిలేసి వెళ్లాడు.

కొమ్మల వెంట కిందికి వచ్చాడు. ప్రతి మగవాడి పక్కన భార్య ఉంది. ఒక్కరికీ లాపియెర్ లేదు. అందరివీ పుట్టింటి పేర్లే. మార్సెల్ తల్లి జాన్ బుషార్. అక్క ‘మారీ ఓదిల్ థెరేజ్’. మార్సెల్ పూర్తి పేరు ‘జోసెఫ్ లూయి మార్సెల్’. అతని పక్కన భార్య, ‘పాలపర్తి లక్ష్మీప్రసన్న’. ఆమె చావు సంవత్సరం, కింది కొమ్మకున్న పుట్టుక సంవత్సరం ఒకటే. ముప్పై నాలుగేళ్ల కిందటిది.

ఆ కింది కొమ్మకు ఒకే పేరు: ‘మారీ బుల్లెమ్మ శ్రీదివ్య లాపియెర్’.

బద్రీనాథ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పైకి మళ్లీ చూశాడు. ఆ ఇంట పుట్టిన ఆడవాళ్లందరూ మారీలే, మగవాళ్లందరూ జోసెఫ్‌లే. టైము అయిదు. అక్కడ ఉదయం ఏడున్నర. ఫోటో మాత్రం పంపకుండా థెరేజ్‌కు ఒక్క ప్రశ్న రాశాడు: “మీ పేరులో ఓదిల్ ఎవరు?”

నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. “నా జ్ఞానస్నానం రోజు నన్ను ఎత్తుకున్న మా అత్త. మా పాత రివాజు. ముందు పేరు ప్రతి ఆడపిల్లకూ మారీ. మధ్యది బిడ్డను ఎత్తుకున్న తల్లి లాంటి ఆమెది. చివరి పేరుతో పిలుస్తారు. ఎందుకు అడిగారు?”

పన్నెండు రోజులు అందరికీ ఉండే పేరు పట్టుకుని ఊళ్లు తిరిగాడన్నమాట.

ఎదురింటి తలుపు తీసే ఉంది. బుల్లెమ్మ నేల మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. బద్రీనాథ్ గడప బయటే నిలబడి, పటంలోని చివరి పేరును అక్షరం అక్షరం పలికాడు. మధ్యలో ఆమె పేరు వచ్చేసరికి చేట మీద చేయి ఆగిపోయింది.

“నా పేరెందుకు రాశాడండి?” అంది.

“ఎత్తుకున్నోళ్ల పేరు రాస్తరంటమ్మా. వాళ్ల రివాజు.”

“లక్ష్మీప్రసన్న మా చెల్లెలండి. ఇతను చేసిన పరిశోధన క్షేత్రంలోనే విత్తనాల లాబులో పని చేసేది. ఇద్దరూ రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. మా నాన్న చచ్చిందనే అనుకుంటానన్నాడు. నిజంగానే పురుడైన మూడోరోజు పోయింది. ఇతను పిల్లని నా చేతుల్లో పెట్టి, ‘నాకు చేతకాదు వదినా, నీ పిల్లే’ అన్నాడు. నాకు పిల్లల్లేరు. ఎదురింట్లో దిగాడు. ముప్పై నాలుగేళ్లు ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి చూస్తూ బతికాడు. అది మావయ్యా అని పిలిస్తే పలికేవాడు.”

“మొన్న చెప్తనన్నడా?”

“ఎనిమిదో తారీఖు సాయంత్రం పటం చూపించి చెప్పాడు. నేను చాలా మాటలన్నానండి. చెబితే మీవాళ్లు ఎత్తుకుపోతారు, నాకెవరున్నారు, ఇంతకంటే నువ్వు చచ్చిపోయినా...” ఆమె చేటను పక్కకు తోసింది. “ఆ మాట కూడా అన్నాను. తెల్లారి పోయాడు.”

ఓదార్చే సరుకు బద్రీనాథ్ దగ్గర లేదు. “పొద్దున ఎవరినన్న సూసిన్రా?”

“ఏడూ నలభైకి మా డాబా మీద బట్టలు ఆరేస్తున్నానండి. ఆ మెట్ల మీంచి ఒకతను గబగబా దిగిపోయాడు. తెల్లచొక్కా, చంకలో నల్ల సంచి. ఎవరో తెలీదు గాని మొహం చూశాను. మా మరిది మెట్ల వెనక డ్రమ్ము పక్కన పడి ఉన్నాడని నాకేం తెలుసు? తర్వాత పోలీసులకి చెబుదామనుకున్నా. చెబితే ముందు నువ్వెవరు, ఆయన నీకేమవుతాడు అంటారు. అక్కడ మొదలైతే ఎక్కడ ఆగుతుందండి?”

“ఎక్కడ ఆగాలెనో మీరే చెప్పున్రి. ఏడింటికి ఇంకో పిల్ల మీ చెల్లె బిడ్డనని కూసుంటది. మీ చెల్లె పేరు పోయి రాణి అని ఎక్కుతది. శ్రీదివ్యకు తండ్రి దిక్కున మిగిలింది ఆ ముసలామె ఒక్కతే. ఆమె కూడా చెయ్యి జారుతది.”

ఆరుంపావుకు శ్రీదివ్య వచ్చింది. గుమ్మడిదల మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. మెడలో ఐడీ కార్డు, భుజాన టిఫిను సంచి. బూడిదరంగు కళ్లు. “అమ్మా, చెప్పులెవరివి? అమ్మా, నీకు జ్వరమా, మొహం అలా ఉందేంటి? అమ్మా?”

బద్రీనాథ్ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. వీధిలో నిలబడి గడియారం చూసుకున్నాడు. లోపల ఏడుపు వినిపిస్తే బాగుండుననుకున్నాడు. ఇరవై రెండు నిమిషాల తర్వాత శ్రీదివ్య ఒక్కతే బయటికి వచ్చి, “ఎక్కడికి రావాలి?” అంది. వెనకాల బుల్లెమ్మ తలుపు తాళం వేయడం మరిచిపోయి నడిచింది. కూతురు ఆగి చూసింది, వెనక్కి వెళ్లి తాళం వేసింది.

ఏడింటికి మేడగదిలో, పటం కింద బల్ల మీద ఫోను నిలబెట్టాడు బద్రీనాథ్. తెర మీద గళ్లు వెలిగాయి. ఒకదానిలో ముడతల ముఖంతో థెరేజ్. ఒకదానిలో లాయరు. మూడోదానిలో పటాన్‌చెరులోని అమర్ ఆఫీసు బల్ల ముందు వర్ష. బుల్లెమ్మను వెనక మంచం మీద కూర్చోబెట్టాడు. రేపు స్టేషన్‌లో సీఐ నర్సింగ్ ముందు ఆమెకు అమర్ ఫోటో చూపించాలని అతని ఏర్పాటు. ఈ రాత్రికి సాక్షి సంగతి బయట పడకూడదు.

మాటలన్నీ ఇంగ్లిషులో నడిచాయి. బద్రీనాథ్ ఇంగ్లిషు బిల్లు పుస్తకాల ఇంగ్లిషే, పనికి చాలింది.

“వర్షా, మీ కాగితంల మీ నాయనమ్మ పేరు చదువమ్మా.”

“జాన్ లాపియెర్,” అంది వర్ష, తెర బయట ఉన్నవారి వైపు చూసి.

థెరేజ్ వినికిడి యంత్రం సర్దుకుంది. “ఎవరు?”

“జాన్ లాపియెర్.”

“మా అమ్మ జాన్ బుషార్. పెళ్లి పత్రంలో బుషార్, నా జ్ఞానస్నానం కాగితంలో బుషార్, సమాధి రాయి మీద బుషార్. ఆ రాయి రాయించింది మార్సెలే. నా తమ్ముడు ఈ ముక్క రాయలేదు.”

బద్రీనాథ్ ఫోనును పటం వైపు తిప్పి, పై నుంచి కింది దాకా మెల్లగా చూపించాడు. గార్నో దగ్గర థెరేజ్ ఊపిరి వినిపించింది. “మా నాన్న చెప్పేవాడు, మేం అసలు గార్నోలమని.” కింది కొమ్మ దగ్గర ఆమె తెరకు మరీ దగ్గరగా వచ్చింది. శ్రీదివ్య ఫోను ముందు కూర్చుంది. ఇద్దరివీ ఒకే కళ్లు.

“నీ పేరు చెప్పు తల్లీ.”

శ్రీదివ్య గోడ వైపు చూసి, మొదటిసారి చదువుతున్నట్టు చదివింది. “మారీ... బుల్లెమ్మ... శ్రీదివ్య.”

“బుల్లెమ్మ ఎవరు?”

శ్రీదివ్య జవాబు వెతుక్కుంటుండగా మూడో గడిలో కదలిక వచ్చింది. అమర్ వర్షను పక్కకు జరిపి ముందుకు వంగాడు. ఆ గడి నిండా అతని ముఖమే. “మేడమ్, ఇదంతా మోసం. ఈ సేటు...”

మంచం కిర్రుమంది. బుల్లెమ్మ లేచి బల్ల దాకా వచ్చింది.

“ఈయనేనండి!” తెలుగులో అరిచింది, వేలు తెరకు తాకించి. “ఆ పొద్దున మెట్లు దిగిపోయింది ఈయనేనండి, సంచీ పట్టుకుని!”

బద్రీనాథ్ చేయి ఫోను మీదికి వెళ్లేసరికి ఆలస్యమైంది. థెరేజ్‌కు ఆ మాటలు అర్థం కాలేదు. లాయరుకు అర్థం కాలేదు. అవతల ఉన్నవాళ్లలో తెలుగు తెలిసింది ఇద్దరికే. వర్ష రెండు చేతులతో నోరు మూసుకుంది. అమర్ బుల్లెమ్మను తేరిపార చూశాడు. ఆమె ముఖం, ఆమె వెనక గోడ, తలుపు, అన్నీ. ఏడూ పంతొమ్మిదికి ఆ గడి నల్లబడింది.

బద్రీనాథ్ నర్సింగ్‌కు ఫోన్ చేశాడు. సీఐ సంగారెడ్డిలో ఉన్నాడు. జల్దీగా బయల్దేరినా నలభై నిమిషాలన్నాడు. పటాన్‌చెరు నుంచి ఇక్కడికి పాతిక. తేడా పదిహేను నిమిషాలు. అవి పూర్తిగా తన తప్పు. కాగితాలన్నీ లెక్క చూసుకున్నాడు, బుల్లెమ్మకు కళ్లున్నాయన్నది లెక్కలో వేసుకోలేదు.

“ఆమె ఏమంది? అక్కడేం జరుగుతోంది?” అని థెరేజ్ తెరలోంచి అడుగుతూనే ఉంది.

“మీ తమ్ముడు జారి పడలేదన్నదమ్మా,” అన్నాడు బద్రీనాథ్.

శ్రీదివ్య అప్పటికే మెట్లు దిగుతోంది. గేటుకు గొళ్లెం పెట్టి, వరండాలోని ఇనుప బల్లను ఈడ్చుకొచ్చి అడ్డం వేసింది. పైకి వచ్చి, బుల్లెమ్మ భుజాలు పట్టుకుని గదిలో మూల ఉన్న మంచం మీద కూర్చోబెట్టింది. నిజం విని ఇంట్లోంచి బయటికొచ్చిన ఆరూ ముప్పై ఏడు నుంచీ ఆమెను ఏమనీ పిలవలేదు. ఇప్పుడూ పిలవలేదు. మార్సెల్ బల్ల సొరుగులోంచి పెద్ద రెంచీ ఒకటి తీసుకుని, గుమ్మంలో పైమెట్టు మీద, లోపలికి దారి లేకుండా కూర్చుంది.

బద్రీనాథ్ ఆమె వెనక నిలబడి ఆ రోజు లెక్క తేల్చుకున్నాడు. ఒక దొంగ మేనకోడలు పోయింది. ఒక హత్య బయటపడింది. దానికి ఒక సాక్షి దొరికింది, ఆ సాక్షి ముఖం, ఉన్న చోటు హంతకుడికీ దొరికాయి. పదిహేను నిమిషాల నష్టం. ఏడూ నలభై నాలుగుకు, నర్సింగ్ రావడానికి ఇంకా పావుగంట ఉండగా, వీధి చివర కారు దీపాలు మలుపు తిరిగాయి.

“అమ్మాయీ, నువ్వు లోపలికి రా. నేనుంట ఇక్కడ.”

“మీరు ఆవిడ పక్కన ఉండండి సేటుగారూ,” అంది శ్రీదివ్య, గేటు మీద నుంచి చూపు తిప్పకుండా. “చీకటంటే ఆవిడకి భయం. చిన్నప్పట్నుంచీ నేనే తోడు పడుకుంటాను.”

లాభం వైపు రాసుకోగలిగింది ఆ ఒక్కటే. అది చాలుననిపించింది బద్రీనాథ్‌కు. లోపలికి వెళ్లి బుల్లెమ్మ పక్కన కూర్చున్నాడు.